కీ మ్యాను లెక్క

రాత్రి పదకొండు. పిల్లోళ్ళు నిద్రపోలేదు,
పోయినట్టు నటిస్తాండారు.
సుంకులమ్మ ఫోను నా ముందర పెట్టి
వేలితో పైకి తోస్తా చదువుతాంది:
ఎర్ర తోకది తెల్లారుజామున అయిదుంబావుకు,
మనిషికి పందొమ్మిది వందలు.
నీలం తోకది తొమ్మిదీ యాభైకి,
మూడొందలు ఎక్కువ.
ఇంకొకటుంది, తోక మీద పక్షి బొమ్మ,
అందులో ఇడ్లీ పెడతారంట, నాలుగు వేలంట.
"ఇడ్లీకా?" అన్నా.
"ఇడ్లీకి కాదు, కాళ్ళు చాపుకునేదానికి."

తాడిపత్రిలో రాత్రి బండెక్కితే
పొద్దున్నే హైదరాబాదులో దిగొచ్చు.
నాకు పాసుంది, ఇంటిల్లిపాదికీ ఊరికే.
అయినా మేము ఆరు గంటలు బస్సులో
దక్షిణానికి, బెంగుళూరుకు పోయి
ఆడ్నుంచి ఉత్తరానికి ఎగరాల,
మా ఇంటి మీదుగానే.
తిక్క పని అని మా మేస్త్రీ నవ్వినాడు.
నాకూ నవ్వే వచ్చింది.
కానీ చౌడమ్మకు తొమ్మిదేండ్లు.
రైలంటే దానికి గోడ అవతలి చప్పుడు,
తొట్లో నీళ్ళను వణికిచ్చేది,
నాయన చొక్కాకు అంటిన గ్రీజు.
అదేం ప్రయాణం?

పార్కులో మాత్రం దానికి కావాల్సింది రైలే.
తలకిందులుగా తిరిగేదంట, వీడియో చూపిచ్చింది.
నేను పట్టాలే చూసినా.
ఆ మలుపు కాడ బోల్టులు ఎవురు బిగిస్తారో,
పొద్దున్నే సుత్తితో తట్టి చెవి పెట్టి వినే మనిషి
ఒకడుంటాడో లేడో.
"నువ్వు ఊరికే ఉండు నాయనా" అనింది బిడ్డ.

తర్వాత తూకాలు.
పదహైదు కేజీలు కింద, ఏడు కేజీలు చేతిలో.
పప్పుల పొడి పోనిస్తారు,
ఊరిబిండి నీళ్ళ కింద లెక్కంట, పోనీరు.
ఓళిగలకు ఎవురూ అడ్డం చెప్పలేదు.
ముప్పై చేస్తానని మా యమ్మ
అప్పుడే బ్యాళ్ళు కొలిచింది.

ఇంక చిన్నోడు. రెండేండ్ల లోపైతే ఒళ్ళో ఊరికే.
వానికి రెండు నిండి పదకొండు రోజులు.
సుంకులమ్మ నా పక్క చూసింది.
నేను ఫోను పక్క చూసినా.
ఆరు కిలోమీటర్ల పట్టా మీద ఒక్క క్లిప్పు ఊడినా
పుస్తకంలో రాసి సంతకం పెట్టే చెయ్యి
పుట్టిన తేదీ ఉన్నదున్నట్టు కొట్టింది.
పూర్తి టికెట్టు.
చాలాసేపు ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.

సీట్లు పక్కపక్కన కావాలంటే ఇంకా డబ్బులంట.
రైల్లో అయితే
"అన్నా, కొంచెం జరుగు, బిడ్డ ఉంది" అంటే సాలు.
ఈడ జరిగేదానికి కూడా ఒక రేటు.

సరే, ఎర్ర తోకదే అనుకుని
వేలు పెట్టబోతాంటే
దుప్పట్లో నుంచి చౌడమ్మ:
"నాయనా, నువ్వు చూసే విమానం ఏది?"

నేను చూసేది.
పెన్న బ్రిడ్జి దాటినాక, బండల ఫ్యాక్టరీల వెనక
తెల్ల బురద కుప్పలుండే చోట,
కిలోమీటరు రాయి కాడ నీళ్ళు తాగుతాంటే
నెత్తి మీద పోతాది ఒకటి,
పదిన్నరకు, అటూ ఇటూ.
గూడ్సు కంటే నికరం.
దాన్ని చూసి గడియారం సరిచేసుకున్న రోజులుండాయి.
తోక రంగు కింద నుంచి కనపడదు,
పొట్టే కనపడతాది, చాప పొట్ట మాదిరి.
ఈ సంగతి ఇంట్లో ఎప్పుడు చెప్పినానో
నాకే గుర్తు లేదు.

తొమ్మిదీ యాభై. ఎగిరేదానికి ఇంత,
ఇంతదూరం వచ్చేదానికి ఇంత.
వేళ్ళ మీద లెక్కేసినా. సరిపోయింది.

నలుగురికి పన్నెండొందలు ఎక్కువ.
సుంకులమ్మ ఏమీ అనకుండా నీలం దాని మీద నొక్కింది.
మన ఊరు ఎడమ కిటికీలో కనపడతాదా, కుడి కిటికీలోనా అని
పన్నెండున్నర దాకా కొట్లాడినాము.

ఆ పొద్దు నా బీటు ఓబులేసు నడుస్తాడు.
రాయి కాడ నిలబడి
పైకి చూడమని చెప్పినా.
"జెండా ఊపాల్నా?" అని ఎగతాళి చేసినాడు.
"ఏదన్నా ఊపు" అన్నా,
"ఎర్రది మాత్రం వద్దు."